సిగ్నల్ లేని తోటలోనూ తెరుచుకునే యాప్: వెబ్ పేజీని ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యేలా కట్టడం ఎలా

మా మేనమామ బత్తాయి కొంటాడు. గుర్రంపోడు, నిడమనూరు వైపు తోటలకు పోయి, కాయ చూసి, రైతుతో రేటు మాట్లాడి, కోయించి లోడు పంపిస్తాడు. ఏ తోట, ఎన్ని కాంటాలు, తరుగు ఎంత, అడ్వాన్సు ఎంత, లెక్కంతా జేబులో పెట్టుకునే చిన్న పుస్తకంలోనే. ఒకసారి వానకు ఆ పుస్తకం తడిసి మూడు పేజీలు అలుక్కుపోయాయి. ఆ రాత్రి కూర్చుని ఒక చిన్న వెబ్ పేజీ రాశాను. కాంటా బరువు కొడితే చాలు, తరుగు తీసేసి, రేటు కట్టి, రైతుకు ఇవ్వాల్సిన మొత్తం చూపిస్తుంది. నల్లగొండలో ఇంటి వైఫై మీద చక్కగా పనిచేసింది. మర్నాడు సాయంత్రం మామ తోట నుంచి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "తెల్లగ తిరుగుతనే ఉంది అల్లుడా, ఏం రాలే."

ఆ పేజీని తోటలో కూడా తెరుచుకునే యాప్‌గా మార్చడానికి ఏమేం చేశానో వరుసగా రాస్తున్నాను. ఇలాంటి వాటిని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అంటారు. 2015లో ఫ్రాన్సిస్ బెరిమన్, అలెక్స్ రసెల్ పెట్టిన పేరు ఇది. ప్లే స్టోర్ అక్కర్లేదు, కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కొంచెం జావాస్క్రిప్ట్ వస్తే చాలు. వీటికి మూడు చేర్చాలి. హెచ్‌టీటీపీఎస్ అడ్రస్, మానిఫెస్ట్ ఫైలు (యాప్ పేరు, ఐకాన్ ఫోన్‌కు చెప్పేది), సర్వీస్ వర్కర్ (ఫైళ్లను ఫోన్‌లో దాచి, నెట్ లేనప్పుడు ఇచ్చేది). మొదటి రెండూ ఒక పూటలో అయిపోతాయి. మూడోదాని మీదే మీ సమయమంతా పెట్టండి. క్రోమ్ ఇప్పుడు ఇన్‌స్టాల్ చేయడానికి సర్వీస్ వర్కర్ ఉండాల్సిందే అని పట్టుబట్టడం లేదు. కానీ అది లేని యాప్ సిగ్నల్ పోగానే పనికిరాదు. మన ఊళ్లలో ఇన్‌స్టాల్ చేసుకునేదే సిగ్నల్ లేనిచోట వాడుకోవడానికి కదా.

కోడ్‌లో వాడే పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టండి. మానిఫెస్ట్‌లో అయితే అన్నీ చిన్న అక్షరాలు, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్.

ముందు ఇల్లు సర్దుకోవాలి

మీ పేజీ బయటి నుంచి ఏమేం తెచ్చుకుంటోందో చూడండి. ఫాంట్లు, ఐకాన్లు, ఏదైనా జావాస్క్రిప్ట్ లైబ్రరీ వేరే సర్వర్ నుంచి వస్తుంటే, వాటిని డౌన్‌లోడ్ చేసి మీ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. వేరేవాళ్ల సర్వర్ మీద ఆధారపడిన ప్రతి ఫైలూ సిగ్నల్ లేనప్పుడు ఒక చిల్లే. తెలుగు ఫాంట్ గురించి టెన్షన్ వద్దు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ముందే ఉంటుంది, ఫాంట్ ఫైలు పెట్టకపోయినా అక్షరాలు వస్తాయి.

అడ్రస్

సర్వీస్ వర్కర్ హెచ్‌టీటీపీఎస్ మీద మాత్రమే నడుస్తుంది. మీ కంప్యూటర్‌లోని లోకల్‌హోస్ట్‌కు మాత్రం మినహాయింపు ఉంది. ఇక్కడే చాలామంది ఒక పూట పోగొట్టుకుంటారు. కంప్యూటర్‌లో బాగానే నడుస్తుంది. అదే పేజీని ఫోన్‌లో చూద్దామని 192.168తో మొదలయ్యే ఇంటి వైఫై అడ్రస్ కొడితే సర్వీస్ వర్కర్ ఊసే ఉండదు. కోడ్‌లో తప్పు కోసం వెతకొద్దు, అది హెచ్‌టీటీపీఎస్ కాదు కాబట్టి బ్రౌజరే ఒప్పుకోలేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్ క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీ నుంచి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టుకుంటే ఫోన్‌లో కూడా లోకల్‌హోస్ట్ అనే అడ్రస్‌తోనే తెరుచుకుంటుంది.

అందరికీ అందేలా పెట్టడానికి గిట్‌హబ్ పేజెస్ చాలు. డబ్బు కట్టనక్కర్లేదు, హెచ్‌టీటీపీఎస్ దానంతటదే వస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అక్కడ మీ యాప్ సాధారణంగా మీ పేరున్న అడ్రస్ కింద ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ఈ ఫోల్డర్ సంగతి ముందు ముందు కొన్నిచోట్ల అడ్డొస్తుంది.

మానిఫెస్ట్

ఇది ఒక చిన్న జేసన్ ఫైలు. యాప్ పేరేంటి, ఐకాన్ ఏది, నొక్కితే ఏ పేజీ తెరవాలి అని ఫోన్‌కు చెప్పే చీటీ లాంటిది. యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే తెలుగు పేరు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. హెచ్‌టీఎంఎల్ హెడ్‌లో ఒక లింక్ ట్యాగ్ పెట్టి, రెల్ దగ్గర మానిఫెస్ట్ అని రాసి, ఈ ఫైలును చూపించాలి.

నేమ్ అంటే పూర్తి పేరు. షార్ట్ నేమ్ ఐకాన్ కింద కనిపించేది. అది 12 అక్షరాలు దాటకపోతే మంచిదన్నది క్రోమ్ వాళ్ల సలహా. తెలుగులో ఇక్కడో మెలిక ఉంది. నేను మొదట "బత్తాయి లెక్కలు" అని పెట్టాను. కంటికి ఆరు అక్షరాలే. కంప్యూటర్ మాత్రం గుణింతం గుర్తును, పొల్లును, ఒత్తును విడివిడిగా లెక్కేస్తుంది. బత్తాయికి ఏడు, మధ్యలో ఖాళీకి ఒకటి, లెక్కలుకు ఏడు, కలిపి 15. మామ ఫోన్‌లో చివర మూడు చుక్కలు పడ్డాయి. "తోట లెక్క" అని మార్చాను. అది తొమ్మిదే, ఐకాన్ కింద నిండుగా కనిపిస్తుంది. మీ పేరును కూడా ఇలాగే విడదీసి లెక్కపెట్టుకుని, ఆఖరుకు చిన్న తెర ఉన్న ఫోన్‌లో కంటితో చూసుకోండి.

స్టార్ట్ యూఆర్ఎల్ దగ్గర ఒట్టి స్లాష్ పెట్టొద్దు. గిట్‌హబ్ పేజెస్‌లో ఒట్టి స్లాష్ అంటే మీ యాప్ ఫోల్డర్ కాదు, దాని పైనున్న అడ్రస్. ఐకాన్ నొక్కితే ఎక్కడికో పోతుంది. చుక్క, ఆ తర్వాత స్లాష్ పెడితే మానిఫెస్ట్ ఉన్న ఫోల్డరే అని అర్థం. స్కోప్‌కు, అంటే యాప్ పరిధికి, కూడా అదే పెట్టండి. డిస్‌ప్లే దగ్గర స్టాండలోన్ అని రాస్తే అడ్రస్ బార్ లేకుండా తెరుచుకుంటుంది. ఐడీ అనే ఫీల్డ్ కూడా మొదటి రోజే పెట్టి, ఆ తర్వాత ముట్టుకోకండి. ఇది మునుపటి యాపేనా, వేరేదా అని బ్రౌజర్ దాన్ని చూసే పోల్చుకుంటుంది. లాంగ్ దగ్గర తెలుగు కోడ్, టీ ఈ అనే రెండు అక్షరాలు.

ఐకాన్లు పీఎన్‌జీలో రెండు కావాలి: 192 పిక్సెళ్లది, 512 పిక్సెళ్లది. వీటితోపాటు మాస్కబుల్ ఐకాన్ ఒకటి విడిగా చేసుకోండి. ఒక్కో కంపెనీ ఫోన్ ఐకాన్‌ను ఒక్కోలా, ఒకటి గుండ్రంగా, ఇంకొకటి మూలలు గుండ్రంగా కోస్తుంది. ఎలా కోసినా నష్టం లేకుండా ముఖ్యమైన బొమ్మంతా నడిమధ్య వృత్తంలో, అంటే మొత్తం వెడల్పులో 80 శాతం లోపల ఉండాలి. 512 పిక్సెళ్ల బొమ్మలో సుమారు 409 పిక్సెళ్ల వృత్తం. మిగతాదంతా నేపథ్యం రంగే. మామూలు ఐకాన్‌నే మాస్కబుల్ అని కూడా రాసి సరిపెడితే మా బత్తాయి కాయ పైన ఆకు తెగిపోయింది.

సర్వీస్ వర్కర్: నిదానంగా చదవండి

ఇది మీ పేజీకీ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడే జావాస్క్రిప్ట్ ఫైలు. పేజీ ఏ ఫైలు అడిగినా ముందు దీని చేతుల్లోంచి పోవాలి. దాచిపెట్టుకున్నది ఇవ్వాలా, నెట్ నుంచి తేవాలా అన్నది ఇదే తేలుస్తుంది.

ఫైలును ఇండెక్స్ పేజీ పక్కనే పెట్టి, పేజీ జావాస్క్రిప్ట్‌లో రిజిస్టర్ పిలిచి దీని పేరు ఇవ్వండి. జేఎస్ అనే లోపలి ఫోల్డర్‌లో పెడితే దాని అధికారం ఆ ఫోల్డర్ వరకే, పేజీ దాని చేతికి రాదు. ఒకసారి పెట్టిన ఈ ఫైలు పేరును ఎప్పుడూ మార్చొద్దు. మారిస్తే, ఫోన్‌లో దాచిన పాత పేజీ పాత పేరునే పట్టుకుని వేలాడుతుంది. కొత్తది వచ్చిందన్న కబురు దానికి చేరే దారే ఉండదు.

లోపల మూడు ఈవెంట్లు రాయాలి. మొదటిది ఇన్‌స్టాల్. ఇక్కడ ఒక క్యాష్ (ఫోన్‌లో ఫైళ్లు దాచుకునే గది) తెరిచి, యాప్ నడవడానికి కావాల్సిన ఫైళ్ల జాబితాను యాడ్‌ఆల్‌కు ఇస్తాం. జాబితాలో ఒక్క ఫైలు దొరక్కపోయినా మొత్తం ఇన్‌స్టాల్ ఆగిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోదు, గిట్‌హబ్ పేజెస్ పట్టించుకుంటుంది. నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా నడిచింది పైకి ఎక్కించగానే ఆగిపోయింది. లోగో ఫైలు పేరు చివర పీఎన్‌జీ అని పెద్ద అక్షరాల్లో ఉండటమే కారణం.

రెండోది యాక్టివేట్. ఇక్కడ పాత క్యాష్‌లను తుడిచేస్తాం. "ఇప్పటి పేరు కానివన్నీ తీసేయ్" అని రాసిన కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో అలా రాయొద్దు. మీ యాప్‌లన్నీ ఒకే అడ్రస్ కింద ఉంటాయి కాబట్టి వాటన్నిటికీ క్యాష్‌ల గది ఒకటే. ఒక యాప్ ఇంకో యాప్ సామాను బయట పడేస్తుంది. క్యాష్ పేరు ముందు యాప్ పేరు పెట్టి, ఆ పేరుతో మొదలయ్యేవాటినే తుడవండి.

మూడోది ఫెచ్. యాప్ ఫైళ్లకు ముందు క్యాష్, అందులో లేకపోతే నెట్. రోజూ మారే వాటికి, ఉదాహరణకు మార్కెట్ రేటుకు, ముందు నెట్, అది అందకపోతే చివరిసారి తెచ్చిపెట్టినది. ఈ రెండో దారిలో ఆ రేటు ఏ తేదీదో తెరమీద తప్పకుండా చూపించండి. మూడు రోజుల కింది రేటును ఈ రోజుదని చూపిస్తే రైతుకో కొన్నవాడికో నష్టం. సర్వర్‌కు పంపే పోస్ట్ రిక్వెస్ట్‌లను మాత్రం ముట్టుకోవద్దు, క్యాష్‌లో దాచగలిగేది గెట్ రిక్వెస్ట్‌లనే.

ఇక అసలు సంగతి, అప్‌డేట్. కిందటి సీజన్‌లో మామ టన్నుకు 50 కిలోల తరుగును 40కి తగ్గించాడు. నేను లెక్క కట్టే జావాస్క్రిప్ట్ ఫైలులో 50 తీసి 40 పెట్టి పైకి ఎక్కించాను. నా కంప్యూటర్‌లో 40 కనిపించింది, సరే అనుకున్నాను. మామ ఫోన్‌లో మాత్రం వారం రోజులు 50 కిలోలే తీసేసింది. ఆరు టన్నుల కాయ అమ్మిన ఒక రైతుకు 240 కిలోలు పోవాల్సిన చోట 300 పోయాయి. కిలో 20 రూపాయల లెక్కన 1,200 రూపాయలు. ఆ రైతే కాగితం మీద లెక్క వేసుకుని వచ్చి అడిగాడు. మామ అప్పటికప్పుడు డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండు రాత్రులు ఇదొక్కటే కూర్చుని చదివాను.

జరిగింది ఇది. సర్వీస్ వర్కర్ ఫైలులో ఒక్క అక్షరమైనా మారితేనే బ్రౌజర్ దాన్ని కొత్తదిగా చూసి, ఇన్‌స్టాల్‌ను మళ్లీ నడిపిస్తుంది. నేను లెక్కల ఫైలు మార్చాను కానీ సర్వీస్ వర్కర్‌ను ముట్టుకోలేదు. కాబట్టి అది దాచిపెట్టిన పాత ఫైలునే నిక్షేపంగా ఇస్తూ పోయింది. మందు చిన్నదే. సర్వీస్ వర్కర్ పైన వెర్షన్ నెంబరు ఒకటి పెట్టి, క్యాష్ పేరులో ఆ నెంబరు వచ్చేలా రాసి, ఏ ఫైలు మార్చినా ఆ నెంబరు పెంచాలి. అదే నెంబరును యాప్ తెర అడుగున కూడా చూపించండి. "మీ ఫోన్‌లో కింద ఎంత ఉంది?" అని ఫోన్‌లో అడిగితే సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

ఇంకా రెండు గుంటలున్నాయి. గిట్‌హబ్ పేజెస్ తన ఫైళ్లను పది నిమిషాలు దాచుకోవచ్చని బ్రౌజర్‌కు చెబుతుంది. అంటే కొత్త వెర్షన్ క్యాష్ నింపేటప్పుడు, ఆ పది నిమిషాల లోపు తెచ్చుకున్న పాత ఫైలే కొత్త క్యాష్‌లోకి వచ్చి కూర్చోవచ్చు. వెర్షన్ నెంబరు కొత్తది, లోపల సరుకు పాతది. యాడ్‌ఆల్‌కు ఒట్టి అడ్రస్‌లు ఇవ్వకుండా, ఒక్కోదాన్ని రిక్వెస్ట్‌గా చేసి, క్యాష్ అనే ఆప్షన్ దగ్గర రీలోడ్ అని రాస్తే నేరుగా సర్వర్ నుంచే తెస్తుంది.

రెండోది, కొత్త సర్వీస్ వర్కర్ వచ్చినా, పాతది వాడుతున్న పేజీ ఒక్కటి తెరిచి ఉన్నా బయట వేచి ఉంటుంది. దాన్ని లోపలికి రమ్మనడానికి స్కిప్‌వెయిటింగ్ ఉంది. దాన్ని ఇన్‌స్టాల్‌లోనే పెట్టేసి, పేజీని వెంటనే రీలోడ్ చేయించే పద్ధతి నాకు నచ్చదు. మామ ఎనిమిదో కాంటా బరువు కొడుతుండగా పేజీ మాయమై మళ్లీ వస్తే ఏమవుతుందో ఆలోచించండి. నేను చేసింది ఇది: కొత్తది వేచి ఉందని తెలియగానే పైన పచ్చ పట్టీలో "కొత్తది వచ్చింది, పని అయ్యాక ఇక్కడ నొక్కండి" అని చూపిస్తాను. నొక్కితే సర్వీస్ వర్కర్‌కు ఒక మెసేజ్ పోతుంది, అది స్కిప్‌వెయిటింగ్ పిలుస్తుంది, కంట్రోలర్‌చేంజ్ ఈవెంట్ రాగానే పేజీ ఒక్కసారి రీలోడ్ అవుతుంది.

కొట్టిన లెక్క పోకూడదు

క్యాష్ ఫైళ్ల కోసం. మనిషి కొట్టిన లెక్కలకు బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్, ఇండెక్స్‌డ్‌డీబీ వాడండి. లోకల్‌స్టోరేజ్ తేలికే కానీ సర్వీస్ వర్కర్‌కు అది అందదు.

ప్రతి కాంటాను ముందు ఫోన్‌లో రాసి, "పంపలేదు" అని గుర్తు పెట్టండి. నెట్ దొరికినప్పుడు లెక్కలు భద్రపరిచే మీ సర్వర్‌కు పంపి, అది అందిందని చెప్పాకే ఆ గుర్తు తీయండి. నెట్ ఉందా లేదా అని నావిగేటర్ ఆన్‌లైన్‌ను అడిగి నమ్మొద్దు. టవర్‌కు తగులుకుని ఉండి డేటా కదలకపోయినా అది ఉందనే చెబుతుంది. పంపి చూడటమే పరీక్ష. ఒక్కోసారి సర్వర్‌కు చేరుతుంది కానీ చేరిందన్న జవాబు దారిలో పోతుంది, ఫోన్ మళ్లీ పంపుతుంది, ఒకే కాంటా రెండుసార్లు పడుతుంది. అందుకే ఫోన్‌లో రాసేటప్పుడే ప్రతిదానికీ రాండమ్‌యూయూఐడీతో ఒక ఐడీ ఇచ్చి, అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ వదిలేసేలా చేయండి.

ఆండ్రాయిడ్ క్రోమ్ నుంచి ఇన్‌స్టాల్ అయిన యాప్ డేటా క్రోమ్ దగ్గరే ఉంటుంది. ఫోన్ నిండిందని ఎవరైనా సెట్టింగ్స్‌లోకి పోయి క్రోమ్ డేటా మొత్తం తుడిచేస్తే లెక్కలు కూడా పోతాయి. స్టోరేజ్‌లోని పర్‌సిస్ట్ పిలిస్తే బ్రౌజర్ తనంతట తాను తుడవకుండా ఆపొచ్చు, మనిషి చేత్తో తుడిస్తే ఆపలేం. రోజు లెక్కను ఒక ఫైలుగా వాట్సాప్‌కు పంపే బటన్ ఒకటి పెట్టండి. మామ రోజూ రాత్రి దాన్ని నొక్కి అత్తయ్యకు పంపిస్తాడు.

ఇన్‌స్టాల్ బటన్

పేజీ మీద కనీసం ఒకసారి నొక్కి, 30 సెకన్లు గడిపాక క్రోమ్ ఇన్‌స్టాల్‌కు సిద్ధమవుతుంది. అప్పుడు బిఫోర్‌ఇన్‌స్టాల్‌ప్రాంప్ట్ అనే ఈవెంట్ వస్తుంది. దాన్ని పట్టి, ప్రివెంట్‌డిఫాల్ట్ పిలిచి, ఒక వేరియబుల్‌లో దాచుకుని, "ఫోన్‌లో పెట్టుకోండి" అన్న మీ సొంత బటన్ అప్పుడు చూపించండి. దాన్ని నొక్కినప్పుడే ప్రాంప్ట్ పిలవాలి. ఒక ఈవెంట్‌తో ఒక్కసారే పిలవగలం. పేజీ తెరవగానే అడగొద్దు. మొదటి లెక్క సేవ్ అయ్యాక అడిగితే, ఇది ఎందుకు పనికొస్తుందో అవతలి మనిషికి అప్పటికే తెలిసి ఉంటుంది.

మెనూలోంచి యాడ్ టు హోమ్ స్క్రీన్ నొక్కితే క్రోమ్ రెండు దారులు చూపించవచ్చు: ఇన్‌స్టాల్, క్రియేట్ షార్ట్‌కట్. షార్ట్‌కట్ అయితే ఐకాన్ మూలన చిన్న క్రోమ్ గుర్తు పడుతుంది, తెరిస్తే అడ్రస్ బార్‌తోనే వస్తుంది. ఇన్‌స్టాల్ నొక్కమని స్పష్టంగా చెప్పండి.

ఐఫోన్‌లో ఈ ఈవెంట్ లేదు. సఫారీలో షేర్ గుర్తు నొక్కి, యాడ్ టు హోమ్ స్క్రీన్ ఎంచుకోవాలి. ఆ రెండు తెరల బొమ్మలు పేజీలోనే పెట్టి చూపించండి, మాటలతో చెబితే దొరకదు. 180 పిక్సెళ్ల యాపిల్ టచ్ ఐకాన్ ఒకటి అదనంగా చేర్చండి. ఐఫోన్‌లో ఇన్‌స్టాల్ ముందు, లెక్కలు తర్వాత. సఫారీలో కొట్టినవి హోమ్ స్క్రీన్ యాప్‌లో కనిపించవు. పైగా సఫారీని ఏడు రోజులు వాడుతూ కూడా ఆ సైటు జోలికి పోకపోతే, అది దాచుకున్న డేటాను సఫారీ తుడిచేస్తుంది. హోమ్ స్క్రీన్ యాప్‌కు ఆ బాధ లేదు.

ప్లే స్టోర్‌లోనే పెట్టాలనుకుంటే పీడబ్ల్యూఏ బిల్డర్, బబుల్‌ర్యాప్ అనే ఉచిత పనిముట్లు ఇదే వెబ్ యాప్‌ను ఆండ్రాయిడ్ ప్యాకేజీగా చుట్టిస్తాయి. సైటు మీదేనని చూపడానికి అసెట్‌లింక్స్ అనే జేసన్ ఫైలును అడ్రస్ మొదట్లో ఉండే వెల్‌నోన్ ఫోల్డర్‌లో పెట్టాలి. యాప్ ఫోల్డర్‌లో పెడితే చెల్లదు, అందుకే సొంత డొమైన్ ఉంటే సులువు. డెవలపర్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష నడిపించాకే అందరికీ విడుదల చేయనిస్తారు. పది మంది వాడే యాప్‌కు ఇంత అవసరం లేదని నా అభిప్రాయం. వాట్సాప్‌లో లింకు పంపితే సరిపోతుంది.

చేతికిచ్చే ముందు

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో అప్లికేషన్ అనే ట్యాబ్ తెరిస్తే మానిఫెస్ట్ తప్పులు, సర్వీస్ వర్కర్ ఏ స్థితిలో ఉందో అన్నీ కనిపిస్తాయి. అక్కడ పచ్చగా ఉందని ఆగిపోవద్దు. ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి, యాప్‌ను పూర్తిగా మూసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఐకాన్ నొక్కండి. రెండు కాంటాలు కొట్టండి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి, అవి ఉన్నాయా చూడండి. నెట్ ఆన్ చేసి, సర్వర్‌లో సరిగ్గా రెండే పడ్డాయా లెక్కపెట్టండి. తర్వాత వెర్షన్ నెంబరు పెంచి ఎక్కించి, పచ్చ పట్టీ వచ్చేదాకా చూడండి.

ఇన్‌స్టాల్ ఎప్పుడూ సిగ్నల్ బాగున్నచోటే చేయించండి. తోటకు పోయేముందు ఒకసారి తెరిచి, కింద వెర్షన్ నెంబరు చూసుకొమ్మనండి. నిడమనూరు పోయే రోజు మామ హాలియాలో చాయ్ తాగేటప్పుడు ఆ పని చేస్తాడు. నెంబరు మారితే నాకు ఒక మెసేజ్ పెట్టి, తరుగు దగ్గర 1,000 కిలోలు కొట్టి, 40 వస్తోందా అని చూసుకుని బండి ఎక్కుతాడు.